మూడో మడత

పోయిన నెల అమ్మ ఫోను చేసింది. కొండ మీద ఇంటికి పెంకులు తీయించి స్లాబు వేయిస్తున్నారని, అటక మీది సామానంతా దించాలని, తన ఒక్కదాని వల్ల కాదని చెప్పింది. నేను విశాఖపట్నంలో పొద్దున్నే రైలెక్కి వెళ్ళేసరికి సగం సామాను వీధరుగు మీదికి వచ్చేసింది. ఇత్తడి గుండిగ, పిడి ఊడిన తిరగలి, నాన్న కొట్లో ఒకప్పుడు బిళ్ళలు పోసిన గాజు సీసాలు, వాటి మధ్య మా నాయనమ్మ రేకు ట్రంకు పెట్టె. నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయినా పెట్టె మూత ఎత్తగానే వంటాముదం వాసన గుప్పుమంది. ఆవిడ నేతచీరల కింద, పెట్టె అడుగున, నా చిన్నప్పటి ఆకుపచ్చ పావడా మడిచి ఉంది. ఎండకి వెలిసిన గుడ్డలో, అంచుకి కాస్త పైన, ముదురు పచ్చగా రెండు పట్టీలున్నాయి. వాటికి పైన ఒక మడత మాత్రం కుట్టు విప్పకుండా అలాగే ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయాను. సామాను సర్దడానికని వచ్చినదాన్ని, ఆ పూటకి ఇంక ఎందుకూ పనికిరాలేదు.

మడతల పావడా అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకి చెప్పాలి. ఆ రోజుల్లో మా ఇళ్ళల్లో ఆడపిల్లకి పావడా కుట్టించడమంటే ఉన్న పిల్లకి కాదు, రాబోయే పిల్లకి కుట్టించడం. గుడ్డ నిండుగా తీసి, ఎక్కువైన పొడుగంతా అడ్డంగా మూడు మడతలు పెట్టి కుట్టేవారు. పిల్ల ఎదిగి పావడా పొట్టి అయినకొద్దీ కింది నుంచి ఒక్కో మడతా విప్పుతారు. విప్పినచోట ఎండ తగలని గుడ్డ కొత్తగా మెరుస్తుంది. ఆ మెరిసే పట్టీతో బడికి వచ్చే పిల్ల నడకే వేరుగా ఉండేది. మా ఇంటికొచ్చిన చుట్టాలు నా ముఖం కంటే ముందు నా పావడా అంచు చూసేవారు. చూసి ఏమీ అనేవారు కాదు. ఆ అనకపోవడమే నాకు గుచ్చుకునేది. నా పావడాల మడతలు విప్పే అవసరం ఎవరికీ రాలేదు మరి. మడతలు మడతల్లాగే ఉండి, గుడ్డ మోకాళ్ళ దగ్గర చిరిగిపోయేది.

మా తాత సాలూరు నుంచి ఉప్పు బస్తాలతో కొండెక్కాడట. నాన్న కాలానికి ఆ ఉప్పు బస్తాలు కిరాణా కొట్టయ్యాయి. టైడా స్టేషను దాటాక అరకు వైపు దారిలో, వారానికోసారి సంత జరిగే చిన్న ఊరు మాది. ముందు గదిలో కొట్టు, వెనక ఇల్లు, ఇంకా వెనక పెరడు, పెరటి కంచె అవతల సుక్రి వాళ్ళ రాగి చేను. సుక్రి కొండ మనిషి, అమ్మ ఈడుది. ఆమె కూతురు జమునా నేనూ ఒకే వానాకాలంలో పుట్టాం. మా ఇద్దరినీ నేల మీదికి దించింది ఒకే మంత్రసాని. తాగింది ఊరి పక్కన పారే ఒకే గెడ్డ నీళ్ళు, చదివింది ఒకే బడిలో. అయినా జమున భుజం దగ్గరికి కూడా నా తల వచ్చేది కాదు. అది వాగు ఒడ్డున మేక వెనక పరిగెడుతుంటే, నేను సగం దారిలో రాయి మీద కూర్చుని రొప్పేదాన్ని. నా ముఖం మైదాపిండిలా పాలిపోయి ఉండేది. ఇంట్లో ఎవరికీ తెలియకుండా పలక బలపాలు కొరుక్కు తినేదాన్ని. వాన పడితే తడిసిన మట్టిగోడ వాసనకి నోరూరేది.

దీనికంతటికీ నాయనమ్మ దగ్గర ఒక్కటే జవాబు. "ఈ కొండ నీల్లు ఆల్లకి పడ్డాయి, మనకి పడనేదు" అనేది. కింది నుంచి వచ్చిన వ్యాపారస్తుల ఇళ్ళల్లో అందరూ నమ్మే మాటే అది. జ్వరమొచ్చినా నీళ్ళే కారణం, జుట్టు రాలినా నీళ్ళే, కోడలు అలిగినా నీళ్ళే. మా నాన్న అక్కడే పుట్టి, అవే నీళ్ళు తాగి, తలుపు పట్టనంత మనిషయ్యాడు కదా అని అమ్మ ఒకసారి అంటే, "ఆడు నా పాలు తాగేడు" అని ఆ మాట అక్కడితో ఆపేసింది నాయనమ్మ.

నాయనమ్మ గురించి చెప్పాలంటే ఆముదం గురించి చెప్పాలి. కొట్లో సీసాల్లో అమ్మే ఆముదాన్ని, సొంత కొడుకు కొట్టయినా సరే, ఇంట్లోకి రానిచ్చేది కాదు. "అది బండి సెక్రాలకే" అనేది. పెరటి కంచె పొడవునా ఆమె వేసిన ఆముదం చెట్లుండేవి. చలికాలంలో కాయలు కోసి, ఎండబెట్టి, గింజలు మంగలంలో వేయించి, రోట్లో మెత్తగా దంచి, పెద్ద కుండ నిండా నీళ్ళు పోసి పెరటి పొయ్యి మీద కాచేది. బుడబుడమంటూ నూనె పైకి తేలేది. దాన్ని గరిటెతో తేర్చి, చిన్న గిన్నెలో మళ్ళీ కాచి, చిటపటలు ఆగేదాకా కళ్ళు తిప్పకుండా చూసేది. ఆ రోజు కొట్టుకొచ్చిన బేరగాళ్ళు కూడా ముక్కు మూసుకునేవారు. మా తలలు, తలగడలు, పుస్తకాల అట్టలు, దేవుడి గూడు, అన్నిటికీ అదే వాసన. బడిలో నా పక్కన కూర్చోడానికి జమున ఒక్కతే ఒప్పుకునేది.

నెలకో ఆదివారం ఆ ఆముదం మా కడుపుల్లోకి వెళ్ళేది. తెల్లారుతూనే నాయనమ్మ పాలు లేని వేడి కాఫీలో ఆముదం కలిపి, గ్లాసు కొంగు చాటున పెట్టుకుని వచ్చేది. నేను ఉప్పు బస్తాల వెనక దాక్కునేదాన్ని. నాన్న బేరం చేస్తూనే కనుసైగతో నన్ను పట్టిచ్చేసేవాడు. ముక్కు మూసి, నోట్లో పోసి, నాలుక మీద బెల్లం ముక్క పెట్టేది నాయనమ్మ. మధ్యాహ్నానికి కడుపు ఖాళీ అయి, మిరియాల చారు అన్నం తిని పడుకుంటే, ఆమె నా పొట్ట మీద అరచెయ్యి పెట్టి, "సుబ్బరంగా అయిపోనాది. ఇంక నోపల ఏటీ నేదు" అనేది. ఆ చెయ్యి బరువూ ఆ వెచ్చదనమూ నాకిప్పటికీ తెలుస్తాయి. ఆ చేతి మీద ఆమెకున్న నమ్మకమే మా ఇంట్లో ఒక పెద్ద తప్పుకి మూలమని అప్పుడెవరికీ తెలియదు.

ఒకసారి సంతరోజు, ఊళ్ళు తిరిగే నర్సమ్మ కొట్టుకి సబ్బు కొనడానికి వచ్చి నన్ను చూసింది. కింది రెప్ప లాగి చూసి, గోళ్ళు చూసి, "దీని కడుపులో పురుగులున్నాయేమో, ఆస్పత్రికి తీసుకురండి, పరీక్ష చేస్తారు" అంది. నాయనమ్మ అప్పుడు చింతపండు పిక్కలు తీస్తోంది. తల ఎత్తలేదు. "నా ఆముదం తాగిన పిల్ల కడుపులో పురుగులేటమ్మా? నెల నెలా కడిగీసిన కడుపు. ఎవులైనా వింటే నవ్వుతారు" అంది. నర్సమ్మ సబ్బు తీసుకుని వెళ్ళిపోయింది. అమ్మ ఆ మాట పట్టుకుని రెండు మూడుసార్లు అడగబోయింది గానీ, ఆ ఇంట్లో ఆముదానికి ఎదురు మాట్లాడడమంటే నాయనమ్మ పెంపకానికే ఎదురు మాట్లాడడం. నాయనమ్మ నలుగురు పిల్లల్ని ఆ ఆముదంతోనే పెంచింది. ఆమె తెలివి తక్కువ మనిషి కాదు. నా మీద ప్రేమ లేకా కాదు. తన చేతుల్తో కాచినదాన్ని దాటి నా కడుపులో ఏదైనా మిగిలి ఉంటుందన్న ఊహే ఆమెకి రాలేదు, అంతే.

అలా నీళ్ళే దోషులయ్యాయి, శిక్ష నాకు పడింది. నన్ను పార్వతీపురంలో పెద్దమ్మ ఇంటికి పంపించేయాలని నాయనమ్మ తేల్చింది. అక్కడి నూతి నీళ్ళు తాగితే ఏడాదికే ఎదుగుతానట. దసరా సెలవులకి పెదనాన్న వస్తాడు, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకెళతాడు. అక్కడే బడి. ఎప్పటికి తిరిగి వస్తానంటే, "ఎదిగేక" అన్నారు. ఎదగకపోతే? ఆ మాట నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఆ ప్రయాణానికే అమ్మ ఈ ఆకుపచ్చ పావడా కుట్టింది. కుట్టు మిషను మీద మూడో మడత పెడుతూ కళ్ళు తుడుచుకోవడం చూశాను. నాకు పెద్దమ్మంటే భయం లేదు. పొద్దున్నే నాయనమ్మ కొంగు పట్టుకోకుండా, కంచె అవతల నుంచి జమున వేసే కేక వినకుండా రోజు ఎలా మొదలవుతుందో నాకు తెలియదు, అంతే. వానలు తగ్గుతున్నకొద్దీ దసరా దగ్గరికొస్తోందని దిగులు పేరుకుంది.

ఆ రోజుల్లోనే ఆముదం చెట్లకి దాసరి పురుగులు పట్టాయి. నడుం పైకెత్తి, తలా తోకా కలిపి, మళ్ళీ చాపుకుంటూ నడిచే పురుగులవి. వదిలేస్తే రెండు రోజుల్లో ఆకంతా తినేసి ఈనెలు మిగులుస్తాయి. నాయనమ్మ మందు కొట్టనిచ్చేది కాదు, ఆకు మీది మందు గింజకొస్తుంది, గింజది మన నోటికొస్తుంది అనేది. చంపేదీ కాదు. జీవహింస పాపం. అందుకని పొద్దున్నే మేమిద్దరం చేటతో వెళ్ళి పురుగుల్ని ఏరి, కంచె మీదుగా సుక్రి కోళ్ళకి విసిరేవాళ్ళం. "నానేటి సంపనేదు. కోడి తినీసింది" అని చేట దులుపుకునేది నాయనమ్మ. సుక్రి కంచె అవతల నవ్వేది. "పాపం నా కోళ్ళకే రాసిత్తావా సావుకారమ్మా?" అనేది.

అలా ఏరుతున్నప్పుడు ఒకే ఆకు మీద ఒకే సైజు పిల్ల పురుగులు రెండు దొరికితే, నేను దాచేసుకున్నాను. నాన్న కొట్లో మూత పగిలిన బిళ్ళల సీసా ఒకటుంటే, అందులో వేసి, పాత పంచె గుడ్డ కట్టి, వంటింటి కిటికీలో పెట్టాను. రోజూ లేత ఆకు వేసేదాన్ని. కొన్నాళ్ళకే ఒకటి చూస్తుండగా పెరిగిపోయింది. కుబుసం విడిచి పెద్దది, మళ్ళీ విడిచి ఇంకా పెద్దది, చివరికి నా వేలంత అయింది. రెండోది అగ్గిపుల్లలో సగం దగ్గర ఆగిపోయింది. తినకపోవడం కాదు, తినేది. నెమ్మదిగా, కాస్త కొరికి, కాస్త ఆగి తినేది. పెద్దదానికి జమున అని పేరు పెట్టాను. చిన్నదానికి పేరు పెట్టలేదు గానీ, అది నేనేనని నాకు తెలుసు. ముందు దానికి ఆకు వేసి, అది నోరు పెట్టాకే జమునకి వేసేదాన్ని. నాయనమ్మ ఒకరోజు సీసా ఎత్తి వెలుతురులో చూసి, "ఒలే నీలూ, దీనికీ కొండ నీల్లు పడనేదేటే?" అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. పొద్దున్న లేచేసరికి సీసాలో, చిన్నదాని పక్కన, అప్పుడే విప్పారిన చిగురాకు ఉంది. అది నేను వేసింది కాదు.

అప్పటి నుంచి ఆ పురుగు మా ఇద్దరిదీ అయింది. అంత మొండి నాయనమ్మా రోజూ పూజ అవగానే సీసా దగ్గరికొచ్చి, "తిన్నాదా?" అని అడిగేది. ఒకరోజు పొద్దున్న చిన్నది కదలడం మానేసింది. దాని తోక దగ్గర గోధుమ రంగులో, జీలకర్ర గింజ కంటే కాస్త పెద్దగా, ఏదో అతుక్కుని ఉంది. నాయనమ్మ నాన్న కళ్ళజోడు తెప్పించుకుని పెట్టుకుంది. "ఓలమ్మో, గుడ్డెట్టిందే! నీ లాటిదే అనుకున్నాను, ముందు ఇదే తల్లైపోనాది" అని చప్పట్లు కొట్టింది. అమ్మని పిలిచింది, కొట్లోంచి నాన్నని పిలిచింది. నాకు పట్టరాని గర్వం. చిన్నదైతేనేం, జమున చెయ్యలేనిది చేసింది. కానీ ఆ పురుగు ఆకు వంక చూడలేదు. బతికే ఉంది, ముట్టుకుంటే తల ఊపేది, ఆ గింజని వదిలి ఎక్కడికీ వెళ్ళేది కాదు. నాలుగు దిక్కులా లేతాకులు పెట్టినా ముట్టలేదు.

తర్వాత కొన్నాళ్ళకి, సీసా గుడ్డకి లోపలి వైపు నల్లటి చిన్న రెక్కల పురుగొకటి పాకుతూ కనిపించింది. సన్నటి నడుము, పొడుగు మీసాలు, అచ్చం కందిరీగే, కాకపోతే దోమంతే ఉంది. తోక దగ్గరి గోధుమ రంగు గింజ, మూత తీసినట్టు ఒక చివర తెరుచుకుని ఉంది. చిన్న పురుగు ఎండిపోయింది. నేను ఏడుపు మొదలెట్టాను. నాయనమ్మ ఏడవద్దనలేదు. ఎండిన పురుగుని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. దాని డొక్క దగ్గర సూది గుచ్చినంత చిల్లుంది. ఆమె చాలాసేపు ఆ చిల్లు వంకే చూసింది.

మర్నాడు చేట తీసుకుని నన్ను రమ్మంది. ఆ రోజు పెద్ద పురుగుల్ని ముట్టుకోలేదు. ఆకులు తిరగేసి, పెద్దవాటి మధ్య ఎదగకుండా ఉండిపోయిన చిన్న పురుగొకటి వెతికి పట్టుకుంది. అరుగు మీద ఆకు పరిచి, దాన్ని పడుకోబెట్టి, పూలు గుచ్చే సూది తెమ్మంది. జీవహింస చెయ్యని మనిషి, చీమల బారు మీద కాలు పడుతుందేమోనని పక్కకి నడిచే మనిషి, ఆ సూదితో పురుగు పొట్ట చీల్చింది. పచ్చటి నీరు కారింది. దాని వెనకే తెల్లగా, బియ్యప్పురుగులా, బతికున్న ఇంకో పురుగు బయటికొచ్చి కదిలింది. నాయనమ్మ సూది కింద పడేసింది. "తిన్నదంతా దీనికే పోయిందే. ఇది నోపల కూకుంటే, అదెలాగ ఎదుగుద్ది?" అంది. నాతో అన్నట్టు లేదు.

ఆ మర్నాడు ఆదివారం. నేను ఉప్పు బస్తాల వెనక దాక్కుని ఎదురుచూశాను. కాఫీ గ్లాసు రాలేదు. బయటికొచ్చి చూస్తే నాయనమ్మ పెరటి పొయ్యి దగ్గర చల్లారిన ఆముదం కుండ ముందు కూర్చుని ఉంది. నన్ను దగ్గరికి లాక్కుని, అలవాటుగా నా పొట్ట మీద చెయ్యి పెట్టి, చురుక్కుమన్నట్టు తీసేసింది. తర్వాత వంటింటి వైపు తిరిగి, "కోడలా, ఆ నర్సమ్మ ఏటందే ఆ రోజు?" అని అడిగింది. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆ ఇంట్లో అంతకు ముందు ఎప్పుడూ ఎవరూ వెనక్కి తీసుకోని మాటని ఆమె వెనక్కి తీసుకుంటోందని అమ్మకి అర్థమైంది. అమ్మ సాధించలేదు, ఎత్తి పొడవలేదు. "ఆస్పత్రికి తెమ్మంది అత్తా" అని మాత్రం అంది. అప్పుడు సాధించనందుకు అమ్మకి కూడా నేను రుణపడి ఉన్నాను.

ఆస్పత్రికి అమ్మ తీసుకెళతానంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. నీలం అంచు నేతచీర కట్టుకుని, నన్ను బస్సెక్కించి, తనే తీసుకెళ్ళింది. అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. ఏమిటి బాధ అని అడిగితే, నాయనమ్మ, "నోపల ఎవులో ఉండి దీని కూడు తినీత్తన్నారమ్మా. నాకు తెలవనేదు" అంది. డాక్టరమ్మ నవ్వలేదు. బలపాలు తింటానా అని నన్నడిగింది. నేను నాయనమ్మ వంక చూసి తలూపాను. మట్టి? దానికీ తలూపాను. పరీక్ష చేస్తే కొంకి పురుగులున్నాయని తేలింది. తడి నేల మీద చెప్పుల్లేకుండా తిరిగితే పాదాల్లోంచి ఎక్కుతాయట, పేగుల్ని పట్టుకుని నెత్తురు తాగుతాయట, ఆముదానికి ఊడిరావట. "నెల నెలా పట్టించేనమ్మా" అంది నాయనమ్మ, తప్పు చేసిన పిల్లలాగా. "మీరు శ్రద్ధగా చూసుకుంటున్నారు కాబట్టే ఈ మాత్రం ఉంది. ఇంక ఈ మందు కూడా వెయ్యండి" అంది డాక్టరమ్మ. ఆ మాట నిజమో, ముసలామె మనసు కష్టపెట్టకూడదని అన్నదో నాకు తెలియదు. ఎలా అన్నా ఆమె చల్లగా ఉండాలి. నాయనమ్మ దారంతా ఆ మాటే తలుచుకుంటూ వచ్చింది.

మాత్రలు వేశారు. తుప్పు నీళ్ళలా ఉండే ఇనుము టానిక్కు రోజూ తాగించారు. ఆ వారం సంతలో నాయనమ్మ రబ్బరు చెప్పులు రెండు జతలు కొంది. ఒకటి నాకు. రెండోది కంచె మీదుగా సుక్రికిచ్చి, "జమునకి తొడుగు. దాన్నీ ఓపాలి ఆస్పత్రిలో సూపించు. ఏ పుట్టలో ఏటుందో మనకేటి తెలుసు" అంది. సుక్రి చెప్పుల్ని తిప్పి చూసి, "మా గుంట ఏనుగులాగున్నాది కదా సావుకారమ్మా" అంది. "ఉండనీ. తొడుగు" అంది నాయనమ్మ. తర్వాత పరీక్ష చేయిస్తే జమున కడుపులోనూ కొన్ని పురుగులున్నాయి. అయినా అది ఎదిగే ఉంది. ఒకే పురుగు ఒకరిని ఆపేసి ఇంకొకరిని ఎందుకు వదిలేస్తుందో అప్పుడు మాకు తెలియలేదు.

దసరాకి పెదనాన్న వచ్చాడు. నా ట్రంకు పెట్టె గుమ్మం పక్కనే సర్ది ఉంది. నేను నాయనమ్మ వెనక నిలబడ్డాను. ఆయన భోజనం చేసి, తాంబూలం వేసుకుని, "మరి పిల్లని తయారు చెయ్యండి" అన్నాడు. నాయనమ్మ ఆయన ముందు చింతపండు బుట్ట పెట్టి, "ఇది పట్టుకెల్లు బాబూ. గుంట నా కాడే ఉంటాది. నీల్లు మంచివే. నాకే తెలవనేదు" అంది. పెదనాన్నకి ఏమీ అర్థం కాలేదు గానీ, చింతపండు బాగుందని తీసుకెళ్ళాడు. నేను నాయనమ్మ నడుం పట్టుకుని వదల్లేదు. ఆముదం వాసన ముక్కు నిండా పీల్చుకున్నాను. అంత మంచి వాసన నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

వలిసె పూలు కొండంతా పచ్చగా పూసి రాలిపోయాయి. ఎండలు ముదిరే వేళకి నా పావడా చీలమండల మీదికి లేచింది. మొదటి మడత నాయనమ్మే విప్పింది. ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. అరుగు మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, కుట్టు దారాన్ని పంటితో కొరికి, మెల్లగా లాగింది. ఆ దారాన్ని పారెయ్యకుండా వేలికి చుట్టుకుంది. ఆ పట్టీతో నేను ఊరంతా తిరిగాను. ఆ తర్వాతి ఏడాది రెండో మడత.

ఆముదం చెట్ల మీద పురుగులు ఏరడం కూడా మారిపోయింది. పెద్ద పురుగుల్ని మాత్రమే కోళ్ళకి వేసేది నాయనమ్మ. ఎదగని వాటిని, తోకకి గోధుమ రంగు గింజ ఉన్నవాటిని ముట్టనిచ్చేది కాదు. "అవి మన పని సేత్తన్నాయి, ఉండనీ" అనేది. చెట్ల మీద పురుగు తగ్గింది. వంటాముదం కాయడం ఆవిడ మానలేదు. తలకీ, దీపానికీ, మోకాళ్ళకీ. నెలకో ఆదివారం కాఫీలో కూడా కలిపేది గానీ, గ్లాసు పక్కన ఆస్పత్రి మాత్ర ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటాక నేను విశాఖపట్నంలో జంతుశాస్త్రం చదివాను. మా చిన్న పురుగు కథ పాఠంగా వచ్చిన రోజు క్లాసులో నాకు కళ్ళు చెమర్చాయి. తల్లి కందిరీగ పిల్ల పురుగు ఒంట్లోకి గుడ్డు దించుతుందట. లోపలి పిల్ల తనని మోసే పురుగుని వెంటనే చంపదు, ప్రాణం నిలిపే భాగాల జోలికి పోకుండా దాని నెత్తురు తాగుతుంది. దాని ఎదుగుదల పగ్గాలు కూడా తన చేతిలోకి తీసుకుంటుంది. తానొక్కతే ఉంటే, తనకి చాలినంత మేరకి ఆ పురుగుని చిన్నగానే ఆపేస్తుంది. ఎదిగాక దాని ఒంటికి చిల్లు పెట్టుకుని బయటికొచ్చి పక్కనే గూడు కట్టుకుంటుంది, మేము గుడ్డనుకున్న గింజ అదే. అదే కొన్ని జాతుల్లో, చల్లటి దేశాల క్యాబేజీ తోటల్లో, ఒకే పురుగు కడుపులో పదులకొద్దీ పిల్లలుంటాయి. అన్నిటికీ కూడు కావాలి కాబట్టి ఆ పురుగు మామూలు పురుగు కంటే ఎక్కువ తిని, నిగనిగలాడుతూ పెరుగుతుంది. పైకి చూస్తే తోటలో అన్నిటికంటే అదే ఆరోగ్యంగా కనిపిస్తుంది. సెలవులకి వచ్చి ఇదంతా నాయనమ్మకి చెప్పాను. అప్పటికి చూపు మందగించింది. అంతా విని, గల్లా పెట్టె ముందు నిండుగా కూర్చున్న మా నాన్న వైపు తల తిప్పి, "అయితే లావుగున్నోల్లనీ నమ్మకూడదన్నమాట. ఒరే, నువ్వూ ఓపాలి సూపించుకో" అంది. నాన్న ఆ వారమే వెళ్ళాడు. షుగరు బయటపడింది. మా ఇల్లు ఆ కందిరీగకి ఇలా రెండుసార్లు రుణపడింది.

ఇప్పుడు బడిలోనే పిల్లలందరికీ మాత్రలు వేస్తున్నారు. కాళ్ళకి చెప్పుల్లేని పిల్ల మా ఊళ్ళో కనపడదు. ఆముదం చెట్లున్న చోట అమ్మ బంతి మొక్కలు పెట్టింది. అద్దె కార్లలో వచ్చే వాళ్ళు వాటి ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. ఇవన్నీ మంచికే. నేను పాతరోజులే బాగుండేవనే మనిషిని కాను, ఆ పాతరోజుల్లో నా ఒంట్లో నెత్తురు లేదు. కానీ బట్టల కొట్లో పిల్లల గౌన్లు చూసినప్పుడు మాత్రం ఒకటి అనిపిస్తుంది. అన్నీ ఇవాళ్టి కొలతకి సరిగ్గా ఉంటాయి. రేపటి పిల్ల కోసం ఎవరూ గుడ్డ దాచడం లేదు. తన చేతుల మీద తనకున్న నమ్మకాన్ని నా కోసం సూదితో చీల్చి చూసుకున్న మనిషి ఇంట్లో పుట్టడం నా అదృష్టం. ఆ మాట ఆవిడ బతికుండగా నేను ఎన్నిసార్లు చెప్పినా, "పోవే గుంటా" అనేది.

అరుగు మీద కూర్చుని అమ్మని అడిగాను, మూడో మడత ఎందుకు విప్పలేదని. అమ్మ పావడా తీసుకుని, ఆ కుట్టు మీద వేలు రాసింది. "విప్పుదామనే కత్తెర తెచ్చేను. మీ నాయనమ్మ నిన్ను గుమ్మంలో నిలబెట్టి, పావడా నీ నడుముకి ఆనించి చూసింది. 'ఇది ఇప్పినా దీనికి సాలదే కోడలా, మడత దాటిపోనాది గుంట' అంది. అని, ఈ గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నువ్వు చూడలేదులే. అప్పటికే చెప్పులు టపటపలాడించుకుంటా, జమునని దాటుకుని గెడ్డ దాకా పరిగెత్తీసేవు."